బాగుచేసేది ఒక్కడే

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కంప్యూటర్లన్నీ ప్రశాంతి చూసుకుంటుంది. ఒకే సర్వర్ మీద పది కంప్యూటర్ల పని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంకా నమ్మవచ్చో లేదో తేల్చి చెప్పమన్నాడు యజమాని సుధాకర్.

అందులో రెండేళ్లుగా ఎవరు ఏం మార్చారో నెట్‌లో అందరికీ కనిపించే చిట్టా అంతా ఆమె చదివింది. దాదాపు అన్నీ ఎక్కడో పరాయి దేశంలో ఉన్న ఒక్క మనిషే చేశాడు. మూడు నెలలుగా అతని జాడ లేదు. పరిష్కారం కాని ఫిర్యాదులు వందల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రశాంతి రాసిందే: "ఇంకెన్నాళ్లు నాన్చుతారు?" దాని కిందే అతని చివరి మాట ఉంది: "ఆరోగ్యం బాగాలేదు, మన్నించండి." ప్రశాంతి మనసు చివుక్కుమంది.

"గింతమంది వాడుతున్రు, ఏమైతదమ్మా?" అన్నాడు సుధాకర్, ఆమె చెప్పిందంతా విని.

"వాడేటోళ్లు వేలమంది సార్, బాగుచేసేటోడు ఒక్కడే. మనం వేరేది సూసుకోవాలె."

సుధాకర్ సరేనన్నాడు. ప్రశాంతి ఆ మనిషికి క్షమాపణ రాసింది. వారమైనా జవాబు రాలేదు.