కుడి లైటుకి శుక్లాలు

నేను ఒక కారుకి కుడి లైటుని. ఎడమ లైటు సంగతి తర్వాత చెబుతాను. వాడి కథ రొయ్యల చెరువులో ముగిసింది.

మాది జినాన్ జాతి. మామూలు బల్బులో ఉన్నట్టు మాలో తీగ ఉండదు. చిన్న గాజు బుడ్డిలో కాస్త వాయువు నింపి, రెండు మొనల మధ్య ఇరవై వేల వోల్టుల నిప్పురవ్వ కొడితే వెలుగుతాం. ఆ బుడ్డి వెనక అద్దంలాంటి గిన్నె, ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ మూత. ఇదంతా కలిపి నేను. జర్మనీలో పుట్టినప్పుడే నా మూలధనం ఎంతో లెక్కగట్టి పంపారు: బల్బుకి దాదాపు రెండున్నర వేల గంటల మంచి వెలుగు, ఆపైన తరుగు. అయితే నేను ఒక్కసారిగా ఆరిపోను. రోజుకి ఆవగింజంత తగ్గుతాను. ఠపీమని పోయిన బల్బుని ఎవరైనా కనిపెడతారు. రోజుకింత తగ్గేవాణ్ణి ఎవరూ కనిపెట్టరు. సరుకు నాణ్యం ఇలాగే తగ్గించే వర్తకులు చాలామంది ఉన్నారు. వాళ్ళకంటే నిజాయితీపరుణ్ణని నేను చెప్పుకోను.

నా మొదటి యజమాని హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టే పెద్దమనిషి. ఆయన నన్ను పట్టపగలు వెలిగించుకు తిరిగేవాడు. దారి కనపడ్డానికి కాదు, తను కనపడ్డానికి. అలా నా మూలధనంలో సగం మధ్యాహ్నపు ఎండలో కలిసిపోయింది. రెండోవాడు పాత కార్లమ్మేవాడు. మా ఇద్దరికీ మైనం పూసి, తళతళ మెరిపించి, ఆ మైనం కరిగేలోపు మమ్మల్ని వదిలించుకున్నాడు. వాడంటే నాకు గౌరవం. సరుకు తెలిసినవాడు.

కొన్నది భీమవరం దగ్గర పల్లెలో రొయ్యల చెరువులున్న రామభద్రరాజుగారు. ఆ ప్రాంతంలో తిట్టినా 'గారూ' అనే తిడతారు. అందుకని కొంతకాలం వరకూ ఎవరు ఎవర్ని తిడుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆయన దగ్గర పంతొమ్మిదేళ్ళుగా డ్రైవరుగా ఉన్నవాడు ఏసుపాదం. యాభై నాలుగేళ్ళవాడు, మాట తక్కువ. చెరువు గట్ల మీద కారు నడపడం అతని పని. ఆ గట్లు కారుకి సరిగ్గా కారంత వెడల్పు. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు.

వచ్చిన రోజే రాజుగారి భార్య అనసూయమ్మగారు మా ఇద్దరికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. "ఇవి అమ్మవారి కళ్ళండీ. ఎప్పుడూ చల్లగా చూడాలి" అంది. జర్మనీలో నన్నెవరూ అంత మాట అనలేదు. పొంగిపోయాను. నా జీవితంలో నేను చేసిన చెడ్డ బేరం అదొక్కటే.

ఎందుకంటే ప్రతి శుక్రవారం కొత్త బొట్టు పెట్టాలి. కొత్తది పెట్టాలంటే పాతది పోవాలి. పసుపు ఒక పట్టాన పోదు. పూజగదిలో ఇత్తడి కుందులు దేనితో తోముతుందో దానితోనే ఆవిడ మమ్మల్ని తోమేది: చింతపండు, కొబ్బరి పీచు. కుందులు ఇత్తడివి, తట్టుకుంటాయి. నా మూత ప్లాస్టిక్. ఆరేళ్ళు. ఏడాదికి యాభై రెండు శుక్రవారాలు. అంటే మూడు వందల పన్నెండు తోముళ్ళు, శ్రావణమాసంలో అదనం. ఎండకి పసుపెక్కిన మూత మీద సన్న గీతలు పడి, పడి, చివరికి నేను పాలు పోసిన గ్లాసులోంచి లోకాన్ని చూసే స్థితికి వచ్చాను. ఆవిడ మాత్రం వెనక్కి నిలబడి, "ఎంత కళగా ఉన్నాయో చూడండి" అనేది.

ఏసుపాదం స్టీరింగు మీదకి వంగి నడపడం మొదలుపెట్టాడు. తర్వాత గడ్డం స్టీరింగుకి ఆనించి నడిపాడు. వేగం తగ్గింది.

"ఏవండీ ఏసుపాదంగారూ, తమరు కారు నడుపుతున్నారా, పాడె మోస్తున్నారా అండీ?" అన్నారు రాజుగారు ఒకరోజు.

"దారి మసగ్గా ఉందండి బాబూ. మంచేమో అనుకుంటన్నాను."

"మే నెలలో మంచేంటండీ?"

"ఆయ్" అన్నాడు ఏసుపాదం. ఆ ఊళ్ళో ఆ ఒక్క ముక్కకీ ఒప్పుకున్నాననీ, ఒప్పుకోలేదనీ రెండర్థాలూ ఉన్నాయి.

రాజుగారు అన్యాయస్తుడు కాదు. ముందు లైట్ల మీదే అనుమానపడ్డారు. భీమవరం వెళ్ళి బల్బులు మార్పించారు. కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. ఒకదాని మీద నాలుగు వేల మూడొందలని ఉంది, రెండోదాని మీద ఎనిమిది వేలని ఉంది. అది వెలుగు రంగు చెప్పే అంకె. అంకె పెరిగినకొద్దీ వెలుగు నీలంగా మారుతుందే కాని పెరగదు, పైపెచ్చు దారి మీద తగ్గుతుంది. కొట్టువాడు చెప్పలేదు, రాజుగారు అడగలేదు. "ఎనిమిది వేలు ఉండగా నాలుగు వేలు ఎవరు కొంటారండీ?" అని పెద్ద అంకె కొన్నారు. దాంతో నా కడుపులో నీలం బల్బు, ముఖం మీద పాలమీగడ. ఊళ్ళో అందరూ "అబ్బ, ఇంద్రనీలంలా ఉన్నాయండీ" అన్నారు. ఎదురుగా నిలబడ్డవాడికి అలాగే ఉంటుంది. వెనక కూర్చుని నడిపేవాడికి గట్టు అంచు ఎక్కడుందో తెలియదు.

కొత్త బల్బులు వేశాక కూడా దారి కనపడలేదంటే ఇక లోపం ఎక్కడ? రాజుగారు తేల్చేశారు: ఏసుపాదం కళ్ళలో. కళ్ళ డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళారు. డాక్టరు పరీక్షించి, ఈ వయసుకి ఇంత మంచి చూపు తను ఈ మధ్య చూడలేదన్నాడు. "మొహమాటపడుతున్నాడండీ డాక్టరు" అని రాజుగారు తిరుగుదారిలో కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళి, పవరు లేని అద్దాలతోనైనా సరే అని ఒక కళ్ళజోడు కొని డ్రైవరు ముక్కు మీద పెట్టారు. "మనిషి ధైర్యం కోసమండీ" అన్నారు. ఆయన దయ అలాంటిది. ఎదుటివాడికి అవసరం ఉందా లేదా అని చూడదు.

జూన్‌లో ఒక సాయంత్రం మా ఎడమ చక్రం గట్టు అంచు మీద జారింది. కారు ఆగింది, ప్రమాదమేమీ జరగలేదు. కాని రాజుగారు దిగి, అంచుకి చక్రానికి మధ్య జానెడు కూడా లేదని చూశారు.

"ఆదివారం నుంచి పాలకొల్లు నుంచి వేరే డ్రైవరు వస్తాడండీ" అన్నారు. "తమరు మేత షెడ్డులో బస్తాలు లెక్కపెట్టుకుందురుగాని."

ఏసుపాదం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బస్తాలకి అతను బాధపడలేదు. కళ్ళు పోయినందుకు దింపేశారనే మాట ఒకసారి ఊళ్ళో పడితే, ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అతని చేతికి తాళాలివ్వరు. రాజుగారి దగ్గరికి రాకముందు నుంచీ, ముప్పై ఏళ్ళుగా అతనికున్న ఒకే ఒక్క సరుకు ఆ చూపు. ఆ చూపు పాడైందని పుకారు పుడితే చాలు, సరుకు పోయినట్టే. సరుకు బాగుంది, పాడైంది నేను. అది నాకొక్కడికే తెలుసు, చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణేమో తెలియదు. తన సరుకులో లోపముందని కేకేసి చెప్పే వర్తకుణ్ణి నేనెక్కడా చూడలేదు.

శనివారం మునిమాపు వేళ రాజుగారూ అనసూయమ్మగారూ ఆచంటలో పేరంటం నుంచి వస్తున్నారు. గట్టు మొదట్లో ఏసుపాదం కారు ఆపాడు.

"బాబూ, ఒక్కసారి తమరే నడిపి సూడండి. తమరికి దారి కనపడితే తాళాలిచ్చేసి నేనే ఎల్లిపోతాను. బస్తాలు కూడా వద్దండి."

పంతొమ్మిదేళ్ళలో అతను అంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదటిసారి. రాజుగారు నవ్వి స్టీరింగు ముందుకి మారారు. ఏసుపాదం పక్కన కూర్చున్నాడు. అనసూయమ్మగారు వెనక.

నేను ఉన్నదంతా పెట్టాను. ఉన్నదెంత? గట్టు మీద నీలం పొగ చల్లినట్టు ఒక చాప వెడల్పు వెలుగు.

"ఏవండీ, కొంచెం కుడికండీ" అంది ఆవిడ.

"కనపడుతోందండీ నాకు."

"ఏవండీ..."

"కనపడుతోందంటున్నానా!"

గట్టు కుడికి తిరిగింది. రాజుగారు తిరగలేదు. ఎడమ చక్రం గాల్లోకి, కారు మూతి కిందికి, ఎడమ లైటు నీళ్ళలోకి. వల వేసి పట్టడానికి ఇంకా పదిరోజులున్న రొయ్యలు వాడి చుట్టూ ఎగిరాయి. వాడు ఒకసారి గులాబీరంగులో మెరిసి ఆరిపోయాడు. మనుషులు ముగ్గురూ క్షేమం. రాజుగారి పంచె తప్ప.

చెరువు కావలివాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చారు. అందులో ఒకడు, "పాపం, ఏసుపాదంగారికి కళ్ళు..." అంటూ మొదలుపెట్టి, మోకాల్లోతు బురదలో తాళాల గుత్తితో నిలబడ్డ రాజుగారిని చూసి ఆపేశాడు.

 

అప్పుడు రాజుగారు నా వైపు వేలు చూపించి అరిచారు. "ఇవేం లైట్లండీ అసలు! వీటితో ఎవడు నడుపుతాడండీ! పంతొమ్మిదేళ్ళ సర్వీసున్నవాడు కాబట్టి ఏసుపాదంగారు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు! ఆయన మాట వినిపించుకున్నవాడున్నాడా ఈ ఇంట్లో?"

"ఆయ్" అన్నాడు ఏసుపాదం. ఆ రోజు దానికి ఒకటే అర్థం.

గమనించండి. నేను దోషినని తేలింది నిజం బయటపడి కాదు. ఆయన పరువుకి అర్జెంటుగా ఒక దోషి కావలసి వచ్చి. ఎలా తేలితేనేం, నాకు నష్టం, ఏసుపాదానికి లాభం. ఆ రోజుకి లెక్క సరిపోయింది.

సోమవారం మమ్మల్ని లైట్లు బాగుచేసే కరీముల్లా షెడ్డుకి తీసుకెళ్ళారు. అతను నా ముఖం మీద గోటితో గీసి చూసి, "ఎవరండీ దీన్ని పీచేసి తోమింది?" అన్నాడు.

రాజుగారు ఆకాశం కేసి చూశారు. ఏసుపాదం తన చెప్పుల కేసి చూశాడు.

"నేనే బాబూ" అంది అనసూయమ్మగారు. "అమ్మవారి కళ్ళు కదా, మసిబారితే ఊరుకుంటామా?"

"తోమి తోమి అమ్మవారికి శుక్లాలు తెప్పించారమ్మా. ఇప్పుడు ఆపరేషను చెయ్యాలి."

ఆవిడ లెంపలు వేసుకుంది. అమ్మవారికో, నాకో తెలియదు.

ఆపరేషను రెండు గంటలు. నీళ్ళు చల్లుతూ, నీటిలో వాడే గరుకు కాగితంతో ముందు కాస్త మొరటుగా, తర్వాత మెత్తగా, ఆపైన ఇంకా మెత్తగా నన్ను గీకాడు. మొదటి కాగితానికి నేను మరీ తెల్లగా అయిపోతే రాజుగారు కంగారుపడ్డారు. తర్వాత తెల్లటి పాలిష్ ముద్ద, తిరిగే స్పాంజి. చివర్న ఎండని ఆపే లక్కపూత. నీలం బల్బులు పీకేసి, చిన్న అంకె బల్బులు జతగా వేశాడు. గాజుకి వేలు తగలకుండా గుడ్డతో పట్టుకున్నాడు. "వేలిజిడ్డు అంటితే కాలిపోతుందండీ. నీలం చూసేవాడికి, తెలుపు నడిపేవాడికి" అన్నాడు. చెరువులో పోయిన ఎడమవాడి చోట ఏదో తుక్కు కారునుంచి తెచ్చినవాణ్ణి బిగించాడు. పరాయివాడే, కాని మంచివాడు. ఆఖరికి గోడకి ఎదురుగా నిలబెట్టి, సుద్దముక్కతో గీత గీసి, మా ఇద్దరి చూపూ ఆ గీత దాటకుండా సరిచేశాడు.

వెలిగించారు. గోడ మీద చీమల బారు కనిపించింది.

"ఏసుపాదంగారూ, ఎలా ఉందండీ?" అన్నారు రాజుగారు. క్షమించమనడం ఆ ఊళ్ళో అలా ఉంటుంది.

"మంచు పోయిందండి బాబూ."

పాలకొల్లు డ్రైవరు ఆదివారమే వచ్చి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అనసూయమ్మగారు శుక్రవారం బొట్టు బంపరుకి పెడుతోంది. బంపరు వెలగదు కాబట్టి దానికేం నష్టం లేదు. నా సంగతంటే, ఇలాంటి సాన ఇంకా రెండుసార్లు తట్టుకుంటుందట నా చర్మం. ఆ తర్వాత తుక్కే. రెండు సానలు, ఒక కొత్త బల్బు. జర్మనీలో మిగతా సంగతులు చెప్పారు గాని ఇలా మిగిలే బతుకు గురించి చెప్పలేదు. ఫరవాలేదు, చెడ్డ బేరం కాదు.

ఏసుపాదం ఆ కళ్ళజోడు ఇంకా పెట్టుకుంటాడు. రాజుగారు కొనిచ్చారు, పెట్టుకోకపోతే బాధపడతారు. ప్రతి సాయంత్రం గట్టెక్కే ముందు మెత్తటి బనీను గుడ్డతో నన్ను తుడుస్తాడు. నేను శుభ్రంగా ఉన్నానో లేదో చూడవలసి వచ్చినప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు.