పిచ్చుక చెప్పిన మాట

వదినా మరదళ్లిద్దరూ చెవిటి పిల్లల బళ్లో టీచర్లే. వదినకు అందులోనే తల నెరిసింది. మరదలు పెళ్లయి ఆ ఇంటికొచ్చాక, ఆవిడను చూసే ఆ చదువు చదివింది. పరాయి దేశంలో అలాంటి బడికి ఒక ఏడాది పాటు వాలంటీర్లు కావాలని తెలిసినప్పుడు ముందు ఉబలాటపడింది మరదలే. వాళ్లకు టీచర్లు లేకనా మనం వెళ్లడం అని వదిన మొదట పెదవి విరిచింది. తీరా చూస్తే ఆవిడే ముందు పెట్టె సర్దుకుంది. "నీ పెళ్లాన్ని ఒక్కదాన్నే పంపితే దారి కూడా అడగదురా, అన్నీ తనకే తెలుసనుకుంటుంది" అని తమ్ముణ్ణి ఆటపట్టించింది.

అక్కడ మొదటి రోజే నవ్వులపాలైంది మరదలు. పిల్లల ముందు నిలబడి, నేను మీ కొత్త టీచర్ని అని తమ ఊరి సైగల్లో చెప్పింది. క్లాసంతా బల్లలు చరుస్తూ విరగబడి నవ్వింది. మాట్లాడే భాషల్లాగే సైగలు కూడా దేశానికో తీరుగా ఉంటాయి. నేను మీ కొత్త ఉల్లిపాయని అని ఆ పిల్లలకు అర్థమైందట. ఆ రోజు నుంచి ఆమె పేరు ఉల్లిపాయ టీచరు. వదిన పేరు కళ్లజోడు.

ఆ బళ్లో అన్నీ వింతే. గంట ఉండదు, గోడ మీద దీపం మిణుకుమంటుంది. ఎవరినైనా పిలవాలంటే నేల మీద కాలితో తడతారు. గదులు పిల్లలే కడుగుతారు, టీచర్లూ వాళ్లతో పాటే చీపురు పడతారు. పిల్లలకు వీపు చూపిస్తూ బోర్డు మీద రాయడం అక్కడ పెద్ద అమర్యాద, మాట మధ్యలో లేచిపోవడంతో సమానం. మరదలికి అవన్నీ అలవాటు చేసింది హాస్టల్లో ఉండే పన్నెండేళ్ల పిల్ల. చేతులు రెక్కల్లా ఆడిస్తూ గబగబా మాట్లాడుతుందని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ఉల్లిపాయ టీచరుకు తనే టీచరునని అదే తీర్మానించుకుంది. తప్పు సైగ చేస్తే వేళ్లు పట్టుకుని సరిచేసేది. సరిగ్గా చేస్తే ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు వీపు తట్టేది.

నడిమి సెలవులకు పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు. పిచ్చుక తల్లి ఎక్కడో దూరాన, సముద్రం ఒడ్డున చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆమెకు సెలవు దొరకలేదు. పెద్ద టీచరమ్మ కూడా తన ఊరికి బయల్దేరుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో పిల్ల బాధ్యత వదినా మరదళ్లకు అప్పగించింది. ఏదైనా అయితే ఫోన్ చేయమంది.

రెండు రోజులు ముగ్గురూ హాయిగానే ఉన్నారు. ఆ మర్నాడు పిచ్చుక అన్నం ముట్టలేదు. కడుపు పట్టుకుని గోడవారగా కూర్చుంది. వదిన వేడినీళ్లు పట్టించింది. సాయంత్రం మరదలు దగ్గరికెళ్లి, నొప్పి ఎలా ఉందని అడిగింది. పిల్ల పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, బలంగా కిందికి విదిలించింది. మరదలి ఊరి సైగల్లో అది ‘పోయింది’ అని. ఆమె మనసు తేలికపడింది.

"తగ్గిందట వదినా."

"సరిగ్గా అడిగావా?"

"అడిగాను. చెయ్యి విదిలించి మరీ చెప్పింది."

వదినకు ఏదో అనుమానం ఉండనే ఉంది. కానీ ఆ పిల్ల మాట మరదలికి తెలిసినంత తనకు తెలియదు. సరేలెమ్మని ఊరుకుంది.

తెల్లారేసరికి పిచ్చుక కుళాయిల దగ్గర ముడుచుకుని పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మరదలు పరుగున వెళ్లి ఫోను తెచ్చింది. పెద్ద టీచరమ్మకు ఫోన్ చేస్తే మోగనే లేదు. అప్పుడే బడికి రొట్టెలు తెచ్చిన వ్యానతను పిల్లను చూసి వెంటనే వెనక ఉన్న ట్రేలు దింపి చోటు చేశాడు. దారి పొడవునా వదిన ఒళ్లో పిల్ల తల, మరదలి ఒళ్లో పిల్ల కాళ్లు. గతుకు పడ్డప్పుడల్లా పిల్ల నోరు తెరిచేది. అరుపు మాత్రం బయటికి వచ్చేది కాదు.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడు. ఏవేవో అడిగాడు. ఇంగ్లీషు ముక్కలు అతనికి నాలుగు వచ్చు. ఎప్పటి నుంచి నొప్పి, ఏం తిన్నది, ఏ మందు పడదు, అవే అడుగుతున్నాడని మరదలికి తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోట్లో అతని భాష లేదు, పిల్లను అడగడానికి చేతుల్లో దాని భాష చాలినంత లేదు. ఈలోగా పిచ్చుక సెలైన్ సూది లాగేసుకుంది. నర్సు మళ్లీ గుచ్చి, మెత్తని గుడ్డపట్టీలతో దాని రెండు మణికట్లూ మంచం కమ్ములకు కట్టేసింది.

పిల్ల విల్లులా వంగిపోయింది. వేళ్లు మాత్రం గాల్లో కొట్టుకుంటున్నాయి.

మరదలు వెళ్లి కట్లు విప్పింది. నర్సు మళ్లీ కట్టింది. మళ్లీ విప్పబోతే వార్డుబాయ్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని తలుపు వైపు లాగాడు. "చేతులు కట్టేస్తే దాని నోరు కట్టేసినట్టే, వదలండి" అంటూ తెలుగులోనే ఏడ్చేసింది. ఆ ముక్క అక్కడ ఎవరికి అర్థం కావాలి?

మంచం అవతల నిలబడ్డ వదిన మెల్లగా వచ్చి నర్సుకు ఎదురుగా నిలిచింది. తన అరచేత్తో తన నోరే గట్టిగా మూసుకుంది. రెండో చేత్తో పిల్ల కట్లను చూపించింది. ముఖం ఎర్రబడుతున్నా చెయ్యి తియ్యలేదు. నర్సు ఆవిడను చూసింది, పిల్ల వేళ్లను చూసింది. వంగి ఒక కట్టు విప్పింది, తర్వాత రెండోది.

చేతులు రాగానే పిచ్చుక చేసింది ఒక్కటే సైగ. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి విదిలించింది. మళ్లీ అదే. మళ్లీ అదే. ఈసారి మరదలు దాని ముఖంలోకి చూసింది. తగ్గిందని చెప్పే ముఖం కాదది. తర్వాత పిల్ల వేలు మరదలి వైపు తిరిగింది. నీకు చెప్పాను, అంది. అది మాత్రం స్పష్టంగా అర్థమైంది.

పిల్లను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఫోన్ కలిసి, పెద్ద టీచరమ్మ ఉన్నపళంగా బయల్దేరి వచ్చింది. అపెండిక్స్ ముందు రోజే పగిలిందని, కడుపంతా చీము పట్టిందని డాక్టరు ఆవిడతో చెప్పాడు. నిన్న తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు. ఆ మాటనూ ఆవిడ దాచకుండా వదినా మరదళ్లకు ఇంగ్లీషులో చెప్పింది. మరదలు ఆ సైగ చేసి చూపించి, దీనర్థం ఏమిటని అడిగింది. ఇక ఓర్చుకోలేను అని, అంది పెద్ద టీచరమ్మ.

మరదలు వదిన వైపు తిరిగింది. "నేనే చంపేశాను వదినా."

"పిల్ల బతికే ఉంది. ఆ మాట నోటికి తేకు."

మర్నాడు తల్లి వచ్చింది. ఫ్యాక్టరీ బట్టల్లోనే బస్సులు మారి వచ్చింది. ఒంటి నిండా చేపల వాసన, కంటి నిండా నీళ్లు. తన కూతుర్ని ఆస్పత్రికి చేర్చిన మనిషి ఈమేనని ఎవరో చెప్పగా, మరదలి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకోబోయింది. మరదలికి ప్రాణం చచ్చినట్టయింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పమని పెద్ద టీచరమ్మను బతిమాలింది. ఇప్పుడెందుకని ఆవిడ వెనకాడింది.

"చెప్పండి. లేకపోతే ఈ చేతులు నేను వెనక్కి తీసుకోలేను."

పెద్ద టీచరమ్మ చెప్పింది.  తల్లి పట్టుకున్న చేతుల్ని నెమ్మదిగా వదిలేసింది. వెళ్లి కూతురి గది గుమ్మంలో కూర్చుంది.

పిచ్చుక చాలా రోజులు జ్వరంతో తీసుకుంది. ఇవాళో రేపో అన్నట్టుండి, చివరికి తేరుకుంది. మరదలు చూడ్డానికి వెళితే కళ్లు మూసుకునేది. చెవిటి పిల్ల కళ్లు మూసుకుంటే ఎవరేం చెప్పుకోవాలన్నా దారి లేదు. క్షమించమనే సైగ మరదలు గది బయట ఎన్నిసార్లో చేసి చూసుకుంది. దాన్ని చూసే కళ్లు మాత్రం తెరుచుకోలేదు.

ఇంటికి వెళ్లిపోదాం వదినా అంది ఒక రోజు. వెళ్లిపోవడం ఎంతసేపు, వెళ్లి ఏ ముఖం పెట్టుకుని ఆ పిల్లల ముందు నిలబడతావు అంది వదిన. పెద్ద టీచరమ్మ మాటలో కోపం లేదు, జాలీ లేదు. ఇక్కడ ఉండాలంటే పాఠాలు చెప్పొద్దు, చంటిపిల్లల తరగతిలో కూర్చుని మొదటి నుంచి నేర్చుకో అంది. మరదలు తలూపింది.

ఆ చిన్న బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. రెండో రోజు పిచ్చుక తల్లి వచ్చి అదే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. ఇన్నేళ్లూ కూతురితో ఆమె మాట్లాడింది తిను, పడుకో, రా అనే నాలుగు చేతి గుర్తులతోనే. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లేలోపు ఎంత వస్తే అంత నేర్చుకోవాలని వచ్చింది. ముందుగా నొప్పి అనే మాట నేర్పమంది.

ఆ వారం చివర్లో, ఆస్పత్రి నుంచి బడికి తిరిగొచ్చిన పిచ్చుక కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఆ తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి లేచి, కొత్తగా నేర్చుకున్న సైగతో, నొప్పిగా ఉందా అని అడిగింది. పిల్ల ఆశ్చర్యంగా చూసి, గబగబా ఏదో చాలా చెప్పింది. తల్లికి ఒక్క ముక్కా అందలేదు. పక్కనున్న మరదలి వైపు తిరిగి, అది ఏమంటోందని కళ్లతో అడిగింది. ఆస్పత్రి తర్వాత ఆమె మరదలిని పలకరించడం అదే మొదలు.

మరదలికి అర్థమైనట్టే ఉంది. దాదాపు అంతా అర్థమైనట్టే ఉంది. కానీ చెప్పడానికి చేతులు లేవలేదు. తలదించుకుని, ముందు నిలబడ్డ ఆ తరగతి టీచరును చూపించింది.