పందరా ప్లేటు

ఇనుముకు కూడా ఒంటి తత్వం ఉంటుందని నాకు ముసలితనంలో తెలిసింది. మా చిన్న చెల్లెలు ఉండేది, నడివేసవిలో కట్టెల మోపు మోసేది, చలికాలం వచ్చిందంటే మంచం దిగేది కాదు. కొన్ని రకాల ఇనుము కూడా అంతేనట. ఈ సంగతి నా కొడుకు సోమలింగానికి ముందే తెలిసి ఉంటే బక్కయ్య బతికి ఉండేవాడు.

మేము సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్ళం. ఉండేది పర్వత్ పాటియాలో. సోమలింగం మొదట మగ్గం నడిపాడు, తరువాత రంగుల మిల్లులో బాయిలరు దగ్గర చాలా ఏళ్ళు చేశాడు, ఆ తరువాత ఓంప్రకాష్ సేఠ్ షెడ్డులో చేరాడు. ఆవిరో గ్యాసో ఒత్తిడితో నిండి ఉండే పెద్ద ఇనుప ట్యాంకులు చేస్తారక్కడ. ఏ ట్యాంకుకు ఏ ప్లేటు వేయాలో చూసే మేస్త్రీ మా వాడు. వెల్డింగు బక్కయ్యది. బక్కయ్య మా వెనక గల్లీలోనే ఉండేవాడు. అతని భార్య వినోద నాకు కూతురి లెక్క.

షెడ్డుకు రెండు రకాల ప్లేట్లు వస్తాయి. వాటి నంబర్ల చివర పదిహేను, పదహారు ఉంటాయట, అందుకని హిందీ అంకెల్లో వీళ్ళ నోట్లో పందరా, సోలా. చూడటానికి రెండూ ఒక్క తీరే. పందరా బాగా కాలే పనికి, బాయిలర్లకు. సోలా మామూలు పనికి, చల్లటి పనికి. రంగుల మిల్లులో ముక్క ఎగిరినా గొట్టం పేలినా ఆవిరితోనే కదా, సోమలింగం లెక్కలో ఇనుమును చంపేది వేడి ఒక్కటే. చలి దాన్ని ఏం చేస్తుందో వాడు ఎన్నడూ చూడలేదు.

బార్డోలీ దగ్గరి ఐసు ఫ్యాక్టరీ ఒకటి, గడ్డకట్టే చలిలో అమోనియా నిలవ చేయడానికి రెండు ట్యాంకులు అడిగింది. సోలా ప్లేటే వేయమంది. సోలా రావడం ఆలస్యమైంది. ఏదో బాయిలరు పని ఆగిపోయి మిగిలిన పందరా షెడ్డులోనే పడి ఉంది. సేఠ్ అడిగితే మా వాడు, నిప్పును ఓర్చేదానికి ఐసు ఒక లెక్కా, పందరాయే గట్టిది, వేసేద్దాం అన్నాడు. మోసం తలపెట్టి కాదు. అడిగినదానికంటే మంచిది ఇస్తున్నాననుకున్నాడు. ఇంటికొచ్చి నాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ట్యాంకు తయారయ్యాక నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి పరీక్ష చేస్తారు. మొదటిది మే నెలలో చేశారు. ఎండకు నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమనేవట. ట్యాంకు నిలిచింది, బార్డోలీకి పోయింది. రెండోది జనవరిలో పొద్దున్నే చేశారు. రాత్రంతా బయటి హౌజులో చల్లబడ్డ నీళ్ళు.

మగ్గాలవాళ్ళకు ఒక అలవాటు ఉంది. బట్ట దించే ముందు అరచేత్తో పొడుగునా తడుముతాం. కంటికి దొరకని తప్పు చేతికి దొరుకుతుంది. బక్కయ్య ఆ అలవాటును ఇనుము దగ్గరికి తెచ్చాడు. ఒత్తిడి పెరుగుతున్నంతసేపు తాను వేసిన అతుకు మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు. దూరం జరగమంటే, “నా అతుకు నాతోని మాట్లాడ్తది మేస్త్రీ, నీకేం బాధ” అని నవ్వేవాడట.

ఆ పొద్దున ట్యాంకు ఉబ్బలేదు, కారలేదు. పింగాణీ గిన్నెలాగా ఒక్కసారే పగిలింది. ముక్క వచ్చి బక్కయ్య ఛాతీకి తగిలింది. ఆసుపత్రి చేరేదాకా కూడా ప్రాణం ఆగలేదు.

దినాలు కాకముందే సేఠ్ వినోద ఇంటికి వచ్చి, అతుకు సరిగ్గా పడలేదు, పాపం అతని తప్పు అతన్నే తిన్నది అన్నాడు. ఐసు ఫ్యాక్టరీకీ అదే చెప్పాడు. మా వాడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఇంటికొచ్చి కంచం పక్కకు జరిపాడు.

“ఏమైందిరా?” అన్నాను.

“పగులు అతుకు మీద లేదవ్వా. ప్లేటు నడుమకెల్లి పోయింది. బక్కయ్య వేసిన అతుకు గట్లనే ఉన్నది.”

విరిగిన ముక్కను అప్పటికే ప్లేట్లు అమ్మే దేవదాస్‌కు చూపించాడట. విరిగినచోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది చూడు, పందరాకు చలి పడదు, మే నెల నీళ్ళు మీ మొదటి ట్యాంకును పరీక్షలో కాపాడాయి, అక్కడి చలిలో అది ఎప్పుడు పగులుతుందో చెప్పలేం అన్నాడట అతను. సేఠ్‌కు చెబితే, నోరు తెరిస్తే జైలుకు పోయేది నువ్వే అన్నాడట.

“ప్లేటు తీసింది నేను. గసొంటి ట్యాంకే ఇంకోటి బార్డోలీల నిండుగ ఉన్నది. దాని పక్కపొంటి మనుషులు పని చేస్తున్నరు.”

“మరి గీడ కూసున్నవేందిరా? బస్సెక్కు.”

ఫోన్ చేస్తే నమ్మరని, విరిగిన ముక్కను సంచిలో వేసుకుని పోయాడు. సాయంత్రందాకా బతిమాలితే ఐసు ఫ్యాక్టరీ ఇంజినీరు విన్నాడు. ట్యాంకు ఖాళీ చేయించారు. పోలీసులకు మా వాడు తన పేరే మొదట చెప్పాడు.

తిరిగొచ్చి నేరుగా వినోద దగ్గరికి పోయాడు, నేనూ వెంట పోయాను. వాడు చెప్పిందంతా ఆమె తలవంచుకుని విన్నది.

“అంటే మా ఆయన అతుకు ఊడలేదు గదా అన్నా?”

“ఊడలేదు చెల్లె.”

“నాకు గదే గావాలె. ఇగ మీరు పోండ్రి.”

నేను భుజం మీద చెయ్యి వేయబోతే జరిగి కూర్చున్నది.

కేసు నడుస్తోంది. సోమలింగాన్ని ఇప్పుడు ఏ షెడ్డూ పెట్టుకోదు, అమ్రోలిలో మళ్ళీ మగ్గం నడుపుతున్నాడు. వాయిదా ఉన్నప్పుడు ముగ్గురం ఒకే బస్సులో పోతాం. వినోద ముందు సీట్లో కూర్చుంటుంది. కోర్టులో జడ్జి అడిగితే, మేస్త్రీ నిజం చెప్పాడు అని చెబుతుంది. దిగేటప్పుడు మాత్రం మా వైపు చూడదు.