తెల్లగా ఉండగానే

నాలుగో అరలోని గాజుపళ్ళేలకు నీళ్ళు పోయడం అయ్యేసరికి ఫిదెన్సియో కుడి మోకాలు ఎప్పటిలాగే మొరాయించింది. అర అంచు పట్టుకుని కాసేపు నిలబడి, ఐదో అర దగ్గరికి జరిగాడు. ప్రతి పళ్ళెంలోనూ తడి కాగితం, దాని మీద పెసో బిళ్ళంత చెట్టు బెరడు. ఏ చెట్టు బెరడుకి దాని చుట్టాలు వేరే ఉంటారు. నీళ్ళు తగిలిన కొన్నాళ్ళకు ఆ ఎండు చెక్కల్లోంచి బంకబూజులు లేస్తాయి. ముందు గంజి ఒలికినట్టు పాకుతాయి. తర్వాత ఏమనుకుంటాయో ఏమో, ఒకచోట ఆగిపోయి గుండుసూది తలల్లా నిలబడతాయి. అటు జంతువూ కాదు, ఇటు మొక్కా కాదు, బూజని పేరే గానీ బూజూ కాదు. జునిపెర్ బెరడు మీద వచ్చేవి ఆవగింజ కన్నా చిన్నవి, వెండి పూత పూసినట్టుంటాయి. ఓక్ మీద తుప్పురంగు కుంచెలు లేస్తాయి. ఐలే చెట్టు బెరడు మీద పసుప్పచ్చటి జల్లెడ బుట్టలు, గట్టిగా ఊపిరి వదిలితే చాలు పొడి రాలిపోయేవి. వాటి పేర్లు ఈ పరిశోధనశాల నడిపే డాక్టర్ రెబేకాకి తెలుసు. ఫిదెన్సియో పని నీళ్ళు పోయడం, పళ్ళేలు కడగడం, తోటలోకి వెళ్ళి బెరడు గీకి తేవడం.

లోకమంతా మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఫిదెన్సియో తొక్కలకు పోస్తాడని కొండ కింద ఊళ్ళో ఒక హాస్యం ఉంది. మొదట్లో అతనూ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు, కోపం వచ్చి కాదు, అలవాటైపోయి. అతనికి చాలా సంగతులు అలాగే అలవాటైపోయాయి. పెళ్ళి కాకపోవడం అలవాటైపోయింది. అక్క ఒతీలియాకీ కాలేదు. అమ్మ పోయాక ఆమే అతన్ని పెంచింది, ఇద్దరూ ఒకే కప్పు కింద ముసలివాళ్ళయ్యారు.

ఇప్పుడు ఒతీలియా ఊపిరితిత్తులు పాడైపోయాయి. జీవితమంతా కట్టెల పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాల్చిన ఆడవాళ్ళకు వచ్చే జబ్బే అది. తిండి మానేసింది. మొక్కజొన్న జావ నాలుగు చెంచాలు మింగితే అదే గొప్ప. ఈ పొద్దున అతను టోపీ పెట్టుకుంటుంటే, పొయ్యి పక్క కుర్చీలోంచి, అడక్కుండానే నోరు విప్పింది.

"ఒరే, వానలు పడ్డాయిగా. చందమామ పెంట దొరుకుతుందేమో చూడు. అమ్మ చేసినట్టు ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి వేయిస్తే, ఓ ముద్ద తింటానేమో."

"చూస్తాలే అక్కా."

"చూస్తావులే. ఇన్నేళ్ళు ఆ తొక్కల్ని సాకావు, ఒక్కటన్నా మన పొయ్యి మీదికి ఎక్కిందా?"

మాటమాటకీ దగ్గు వస్తున్నా, ఎత్తిపొడుపు మాత్రం మానలేదు.

తొలివానల తర్వాత ఎండిన చెట్ల మీద చందమామ దొడ్డికి కూర్చుంటాడని ఆ కొండ మనుషులు నమ్ముతారు. నమ్మకపోయినా అలాగే అంటారు. తెల్లారేసరికి మోడు మీద పిడికెడు తెల్లటి ముద్ద ఉంటుంది, మీగడలా మెత్తగా. అది కూడా బంకబూజే, వాటిలో పెద్దది. తెల్లగా ఉండగానే కోసి, పంది కొవ్వులో వేయించి, రొట్టెలో చుట్టుకుని తింటారు. ఎండ తగిలిందా, తోలు గట్టిపడుతుంది, లోపల గోధుమరంగు పొడి అయిపోతుంది. అప్పుడది తినడానికి పనికిరాదు. డాక్టర్ రెబేకాకి మాత్రం అప్పుడే పనికొస్తుంది, పండి పొడి అయితే గానీ ఏ జాతో తేలదు కాబట్టి. అందుకే తోటలో పచ్చిది ఏది కనబడ్డా ఆ కొమ్మకి ఎర్రదారం కట్టాలి. ఎర్రదారం ఉన్నదాన్ని పండేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం అతనికి జేబులో దారపుండలాగే ఎప్పుడూ వెంట ఉండేది.

అరల పని ముగించి, కత్తి తీసుకుని, పొగమంచులో తోటలోకి వెళ్ళాడు. చచ్చిన ఐలే చెట్టు మీద, నడుమెత్తున, బెరడు చీలికలో అది కనబడింది. అప్పుడే తోడుకున్న పెరుగులా తెల్లగా ఉంది. ఒతీలియా కోసం వెతుకుదామనుకుంటూనే వచ్చాడతను. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దారం తీశాయి, కొమ్మకి చుట్టాయి, ముడి వేశాయి. ముడి బిగిశాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు.

విప్పవచ్చు. చూసేవాళ్ళు లేరు. కానీ కట్టిన దారం విప్పడం అతనెన్నడూ చేయలేదు. డాక్టర్ రాగానే అడుగుదాం, ఆవిడ కాదనదు, అనుకున్నాడు. లోపలికి వచ్చి, ఇంటి పక్క దోన్యా తెంచా దుకాణానికి ఫోన్ చేశాడు.

"మా అక్కతో చెప్పండి, దొరికిందని. తెస్తున్నానని."

"నిజంగానా? వింటే లేచి కూర్చుంటుంది మీ అక్క," అంది తెంచా.

డాక్టర్ రెబేకా వచ్చీ రాగానే తోటలోకి వెళ్ళి చూసింది. చిన్నపిల్లలా సంబరపడింది.

"ఎన్నాళ్ళకు, దోన్ ఫిదె, మన తోటలో! దారం కట్టారా?"

"కట్టానండి."

"మీరున్నాక నాకు బెంగ లేదు."

అంతే. ఆ మెచ్చుకోలు మీదికి అడగవలసిన మాట ఎక్కలేకపోయింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఫిదెన్సియోకి అమ్మ బతికున్నప్పుడూ అడగడం రాలేదు. అతని కంచంలో ఏం తక్కువైందో చూసుకుని ఒతీలియా వడ్డించేది.

మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళాడు. వాడిన పళ్ళేలను కుంచెతో తోమి, వేడినీళ్ళలో ముంచి, గుడ్డ మీద బోర్లించాడు. చేతులు వేడికి ఎర్రబడ్డాయి. ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం అతనికి కొత్త కాదు. మధ్యాహ్నం డాక్టర్ తన డబ్బాలోంచి రెండు రొట్టెలు అతని ముందు పెట్టింది.

"మీ అక్కగారికి ఎలా ఉంది?"

"అలాగే ఉందండి."

"ఏమన్నా తింటున్నారా?"

ఇంతకన్నా ఎవరైనా ఎలా తలుపు తీస్తారు? ఫిదెన్సియో రొట్టె వైపు చూశాడు. "జావ తాగుతోందండి," అన్నాడు.

తిన్నాక తోటలోకి వెళ్ళాడు. పొగమంచు విడిపోయి ఎండ పడుతోంది. ఐలే మోడు మీద ముద్ద ఇంకా తెల్లగానే ఉంది, అంచుల్లో మాత్రం కాస్త మెరుపు వచ్చింది. టోపీ తీసి పైకొమ్మకి తగిలించి దానికి నీడ చేశాడు. బట్టతల మీద ఎండ చురుక్కుమంటున్నా, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. లోపల ఫోన్ మోగింది. డాక్టర్ ఎత్తుతుందిలే అనుకున్నాడు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినట్టుంది, మోగి మోగి ఆగిపోయింది.

సాయంత్రం సంచీ భుజాన వేసుకున్నాక, గుమ్మంలో వెనక్కి తిరిగి అడిగాడు. ఎలా అడిగాడో అతనికే తెలియదు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. డాక్టర్ రెబేకా కళ్ళద్దాలు తీసేసింది.

"ఇదేమిటి దోన్ ఫిదె, పొద్దున్నే చెప్పకూడదా? నాకు ఇంకోటి దొరుకుతుంది. రండి."

ఆవిడే ముందు నడిచి, ఆవిడే కత్తెరతో దారం తెంచింది. టోపీ తీసి చూస్తే ముద్ద పలచటి టీ రంగుకి తిరిగింది. పైతోలు కాగితంలా అయింది. ఫిదెన్సియో కత్తితో జాగ్రత్తగా కోశాడు. నడిమధ్యలో ఇంకా కాస్త మీగడరంగు మిగిలి ఉంది.

"ఆ మధ్యది పనికొస్తుందేమో," అంది డాక్టర్.

"వస్తుందండి," అన్నాడు.

వెడల్పాటి ఆకులో చుట్టి, బస్సులో రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నాడు. మలుపు మలుపుకీ ఆకు అంచుల్లోంచి గోధుమరంగు పొడి ప్యాంటు మీద రాలుతూనే ఉంది.

ఇంటి ముందు నలుగురున్నారు. దోన్యా తెంచా ఎదురొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఫోన్ చేశాను దోన్ ఫిదెన్సియో. ఎవరూ ఎత్తలేదు."

అతను తల ఊపాడు.

"కష్టపడలేదు. దొరికిందన్న మీ కబురు చెప్పగానే మనిషికి ఎక్కడలేని ఓపికా వచ్చింది. నేను వద్దంటున్నా వినలేదు. తనే లేచి మూకుడు తోమింది, తనే ఉల్లిపాయ తరిగింది. 'వాడు వచ్చాక వెలిగిస్తాను, చల్లారితే బాగోదు' అని కుర్చీలో కూర్చుంది. భోజనాల వేళకి నేను జావ తెచ్చి చూస్తే..."

లోపల ఒతీలియాని మంచం మీద పడుకోబెట్టారు. జుట్టు ఎవరో దువ్వారు. ఫిదెన్సియో ఆమె పాదాల దగ్గర నిలబడ్డాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు. పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, పొయ్యి దగ్గరికి నడిచాడు.

తోమిన మూకుడు పొయ్యి మీద ఉంది. అందులో చెంచాడు పంది కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంది. పక్కన చిప్పలో ఉల్లిపాయ ముక్కలు, అంచులు వడిలి ఉన్నాయి. చిప్ప పక్కన అగ్గిపెట్టె, దాని మీద విడిగా తీసిపెట్టిన ఒక్క పుల్ల.