సున్నా చెప్పిన చేయి

జూన్ తొమ్మిది, సోమవారం. ఆ పొద్దున ఆమె తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికించిన గుడ్డులో సగం. మిగతా సగం భర్త పళ్ళెంలోకి వెళ్ళింది. ఇంత చిన్న సంగతి ఈనాటికీ గుర్తుండడానికి కారణం, ఆసుపత్రిలో దాన్ని అడిగి మరీ కాగితం మీద రాసుకోవడమే. ఏం తిన్నావని ఆమెను ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

ఆమె ఆ ఆసుపత్రిలోనే దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిరిలో నిలబడిన మనిషి. మోచేతుల దాకా కాలిన మచ్చలు. చెయ్యి కాలితే కుళాయి కింద పెట్టి, తుడుచుకుని, తర్వాతి దుప్పటి అందుకుంటుంది. భూదేవంత ఓర్పని సూపర్‌వైజరు పదిమందిలో మెచ్చుకునేవాడు. మెచ్చుకోలుకు ఖర్చేముంది? ఇస్త్రీ పెట్టె పిడికి కొత్త తొడుగు వేయించే పని మాత్రం ఏటా వాయిదా పడేది.

మూడో అంతస్తులో కొత్త రకం కట్టు ఒకటి పరీక్షిస్తున్నారు. దాని లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ, వెంట్రుకల్లాంటి తీగలు ఉంటాయి. తెలిసీ తెలియనంత కరెంటు పంపితే మొండి పుండ్లు మానతాయని ఆశ. పుండు మీద వేసే ముందు అది మంచి చర్మానికి హాని చేయదని తేలాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పన్నెండుమంది కావాలంటే, ఆమె తనంతట తానే పేరిచ్చింది.

ఆమె భర్త బస్సు నడిపేవాడు. షుగరు వల్ల మడమ మీద పుండు లేచి ఎనిమిది నెలలైంది. ఆ పాదానికి స్పర్శ లేదు. ఈ కట్టు నెగ్గితే ముందు ఇక్కడి రోగులకే ఇస్తారని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకునే ఆమె మూడో అంతస్తు ఎక్కింది.

ఆ సోమవారం, ఏం తిన్నదీ అడిగి రాసుకున్నాక, అక్కడి పెద్ద సిస్టర్ దూదిని అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని, చల్లదనం పోయాక అప్పుడు ఆమె చేయి తుడిచింది. కట్టు వేసి, "శుక్రవారం దాకా దీన్ని విప్పం. రోజూ పొద్దున్నే వచ్చి చూపించాలి. మంటో, దురదో, ఏదున్నా సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి," అంది.

మంగళవారం ఆమెకంటే ముందు, ఆ పన్నెండుమందిలోనే ఒకరైన డ్రాయింగు మాస్టారి వంతు వచ్చింది.

"ఎనిమిది," అన్నాడాయన చెయ్యి చాపకముందే.

"నిన్న కట్టు వేయకముందే ఆరన్నారు కదండీ మాస్టారూ," అంది పెద్ద సిస్టర్.

"అది భయానికి. ఇది దురదకి. విడివిడిగా వేసుకోండి."

గదిలో అందరూ నవ్వారు. ఇస్త్రీ అక్క కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన వంతు రాగానే "సున్నా" అంది.

నిజానికి రాత్రంతా కట్టు కింద చీమలబారు నడిచింది. తెల్లారేసరికి అది మంటయింది. మండుతోందంటే కట్టు పనికిరాదంటారు, ఆయనకి దక్కదు. ఓర్చుకుంటే పోయేదానికి నోరెత్తడం దేనికి అనుకుంది. బుధవారం అంచు దగ్గర ఎరుపు బయటపడితే పౌడరు అద్దుకుని వెళ్ళి, మళ్ళీ సున్నా అనే చెప్పింది. పెద్ద సిస్టర్ పౌడరు వంక చూసింది, ఆమె వంక చూసింది, ఏదో అనబోయి ఆగి రాసుకుంది.

ఆ సాయంత్రం ఆమె రోజూలాగే భర్త పాదం కడగడానికి బేసిన్‌లో వేణ్ణీళ్ళు పోసింది. వేళ్ళు ముంచి, చురుక్కుమనగానే తీసి, చన్నీళ్ళు కలుపుతోంది.

"పోసెయ్‌వే. వేడైతే ఏంటి, చల్లగైతే ఏంటి? నా కాలికేం తెలిసేడిచింది గనక," అన్నాడాయన కుర్చీలోంచి.

"మీ కాలికి తెలీదనేగా నేను చెయ్యి పెట్టి చూసేది."

అన్న మనిషి అలాగే ఉండిపోయింది.

"ఏమే, బ్రేకు పడిందేం?"

ఆమె కట్టు వంక చూసుకుంది. ఆసుపత్రి మూడో అంతస్తులో కూడా తనను ఇందుకే కూర్చోబెట్టారు. చెయ్యి పెట్టి చూడమన్నారు. నీళ్ళు మరుగుతుంటే తను గోరువెచ్చగా ఉన్నాయని చెప్పి వచ్చింది. రేపు ఇదే కట్టు ఈ మడమ మీద వేస్తే, చర్మం ఉడికిపోతున్నా ఈయన ఇలాగే జోకులేస్తూ కూర్చుంటాడు.

"ఏం లేదు" అనే మాట నాలుక చివరికి వచ్చింది. మింగేసింది. "చెయ్యి మండుతోందండీ. నిన్నటి నుంచి."

"మరి చెప్పవేం?"

"అలవాటు లేదు."

ఆయన వంగి బేసిన్‌ను తనవైపు జరుపుకున్నాడు. "నేనూ ఎప్పుడూ అడగలేదులే," అన్నాడు.

గురువారం పొద్దున ఆమె పెద్ద సిస్టర్ ముందు కూర్చుని, "ఏడు. నిన్న, మొన్న కూడా ఏడే," అంది. కట్టు విప్పితే బ్యాటరీ ఉన్నచోట గుండ్రంగా బొబ్బ.

"మాస్టారి ఎనిమిదిలో సగం కొట్టేసినా నాకు నాలుగు మిగుల్తుంది," అంది సిస్టర్ మందు రాస్తూ. "నీ సున్నాలోంచి నేనేం తీసుకోనమ్మా? పౌడరు చూసి కూడా అడక్కపోవడం నా తప్పే అనుకో."

"ఇప్పుడు దీన్ని ఆపేస్తారా?"

"వెనక్కి పంపుతారు. సరిచేసి తేవడానికి ఏడాది పట్టొచ్చు."

"మా ఆయన మడమ పుండు కోసమే పేరిచ్చాను సిస్టర్," అంది ఆమె.

"మీ ఆయన కాలు అప్పటిదాకా ఆగుతుందో లేదో నేను చెప్పలేను. దీంతో కాలిపోకుండా మాత్రం నువ్వే ఆపావు," అంది సిస్టర్. "ఓర్చుకోవడం గొప్పని నీకు చిన్నప్పటి నుంచి నేర్పి ఉంటారు. నాకూ అదే నేర్పారు. కానీ మనం దాచిన మంట మన దగ్గరే ఆరిపోదమ్మా. మన వెనక వచ్చేవాళ్ళ మీద పడుతుంది. వాళ్ళకి నోరుండకపోవచ్చు, స్పర్శ ఉండకపోవచ్చు. చెప్పగలిగినవాళ్ళు చెప్పడమే వాళ్ళకి రక్ష."

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ గదిలో ఆమె సూపర్‌వైజరుతో, "ఈ పిడి కాలుతోందండీ. ఆరు," అంది. గోడ మాట్లాడినట్టు చూశాడతను. "చూద్దాంలే," అన్నాడు. రేపు మళ్ళీ చెప్పాలనుకుంది.

పడుకునే ముందు భర్త అడిగాడు. "ఇవాళెంతే?"

ఆమె నిజంగానే ఆలోచించింది. చెయ్యి, నడుము, ఇంకా ఎదురుచూడాల్సిన ఏడాది.

"నాలుగు."

ఆయన తలూపి కళ్ళు మూసుకున్నాడు. ఆమె దుప్పటి ఆ పాదానికి తగలకుండా సర్ది, చప్పుడు కాకుండా తలుపు మూసింది.