ఎర్ర రేకులు

బండి ముందు గొంతుక్కూర్చుని గంగారాం నారతాడును రేకు బెజ్జంలోంచి రెండోసారి లాగాడు. ముడి వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు. కామారెడ్డి మోటారు దుకాణంలో తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే అది. కళ్లకు గంతలు కట్టినా ఆ చేతులు వాటంతటవి చేసుకుపోతాయి. ఈవేళ మాత్రం ముడి కుదరడం లేదు. పక్కన నిలబడి బీడీ కాలుస్తున్న డ్రైవరు యాకూబు కాసేపు చూసి నవ్వాడు.

"ఏంది గంగన్నా, పుస్తె కడుతున్నవా? జెల్ది కట్టు, ఎండ ఎక్కుతది."

"అయిపాయె, అయిపాయె," అన్నాడు గంగారాం.

ఆ రేకులు రెండు. ముందుకొకటి, వెనక్కొకటి. ఎర్ర రంగు మీద తెల్ల అంకెలు. అవి ఏ బండివీ కావు, దుకాణానివి. రైల్లో దిగిన కొత్త బండికి సర్కారు సొంత నంబరు ఇచ్చేదాకా అది రోడ్డెక్కాలంటే దుకాణం రేకులు కట్టాల్సిందే. పెళ్లయ్యేదాకా పిల్లకు పుట్టింటి పేరే కదా, ఇదీ అంతే అంటాడు దుకాణం యజమాని సేటు. కొన్నవాడి వాకిట్లో బండిని దిగబెట్టి, రేకులు విప్పుకుని, చంకలో పెట్టుకుని వచ్చి మళ్లీ దుకాణం కొక్కేనికి తగిలించాలి. కట్టడం, విప్పడం, మోసుకు రావడం, తుడిచి పెట్టడం. గంగారాం నౌకరీ మొత్తం ఇంతే. నలభై దాటిన మనిషి, సన్నగా, మెడ దగ్గర కొంచెం వంగి ఉంటాడు. తాడు ఒరిసి ఒరిసి కుడిచేతి రెండు వేళ్ల మీద గీతలు పడి, మానక నల్లబడ్డాయి. ఊళ్లో గంగారాములు చాలామంది ఉన్నారు కాబట్టి ఇతన్ని ఎర్రరేకుల గంగారాం అంటారు.

ఈ రేకులకు సర్కారు ఖానూను ఉంది. అద్దం బిగించిన ఉర్దూ కాగితం ఒకటి దుకాణం గోడకు వేలాడుతుంటుంది. గంగారాంకు ఉర్దూ మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. చేరిన రోజునే సేటు అందులోవి నాలుగు ముక్కలు చెప్పాడు. సొంత నంబరు రాని బండికే రేకులు కట్టాలి. స్టేషను నుంచి దుకాణానికి, దుకాణం నుంచి కొన్నవాడి ఇంటికి, లేదా కొనేవాడికి నడిపి చూపడానికి తప్ప బండి కదలకూడదు. మనుషుల్ని ఎక్కించుకుని తిప్పకూడదు. బయటికి వెళ్లిన ప్రతిసారీ పుస్తకంలో రాయించాలి. ఈ నాలుగూ గంగారాంకు మంత్రాల్లా నోటికొచ్చు. ఆ కాగితం కిందే కూర్చుని రోజూ సద్ది తినేవాడు.

పోయిన వారం కొత్త మున్షీ హన్మండ్లు అద్దం మీది దుమ్ము తుడుస్తూ కాగితాన్ని పైకి చదివి తెలుగులో చెప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గంగారాం ముందే తలాడిస్తూ కూర్చున్నాడు. హన్మండ్లు ఆగలేదు. "ఐదోది. పానం మీదికొచ్చిన మనిషిని దవాఖానకు తీసుకపోవచ్చు. తెల్లారేలోపల ఠాణాల చెప్తే చాలు," అన్నాడు.

"ఐదోది ఎక్కడిది?" అన్నాడు గంగారాం.

"ఇగో, కిందనే ఉన్నది. ఎందుకన్నా, గట్లయితివి?"

ఆ రోజు నుంచి అతనికి కంటికి కునుకు లేదు, నోటికి రుచి లేదు. ఏమైందని భార్య ముత్తవ్వ అడిగితే కడుపునొప్పి అన్నాడు.

బండి కదిలింది. ఎల్లారెడ్డి దొర కొన్న నల్లటి బండి, పాతిక మైళ్ల పైమాట ప్రయాణం. ఇంగ్లీషు సీమలో యుద్ధం మొదలయ్యాక కొత్త బండ్లు రావడం తగ్గింది. ఇక ముందు అసలే రావంటున్నాడు సేటు. అంటే దుకాణం పని మీద ఎల్లారెడ్డి వెళ్లడం గంగారాంకు ఇదే ఆఖరు కావచ్చు. ఎల్లారెడ్డిలో రాజన్న ఉన్నాడు. ఈవేళ రాజన్నతో ఆ మాట చెప్పెయ్యాలి. పొద్దున లేచినప్పటి నుంచీ గంగారాం తనకు తాను చెప్పుకుంటున్నది ఇదొక్కటే.

తాడ్వాయి దాటాక రోడ్డుకు రెండు పక్కలా మోదుగులు విరగబూసి ఉన్నాయి. యాకూబు ఏదో పాట అందుకున్నాడు. గంగారాం చెవికి అదేమీ ఎక్కలేదు. అతని మనసు ఆరేళ్ల వెనక్కి, ఒక మధ్యాహ్నంలోకి పోయింది.

రాజన్న అప్పుడు రాజంపేటలో ఉండేవాడు. తోలుపని చేసేవాడు. దుకాణంలో బండి సీటు చిరిగితే వచ్చి కుట్టిపోయేవాడు. ఆ రోజు రోహిణి ఎండలో, కాళ్లకు చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు. భార్య సాలవ్వకు నొప్పులు మొదలై రెండు రోజులైంది. మంత్రసాని చేతులెత్తేసి నిజామాబాదు దవాఖానకు తీసుకుపొమ్మంది. ఎడ్లబండి మీద కామారెడ్డి స్టేషనుకు తెచ్చేసరికి పొద్దుటి రైలు వెళ్లిపోయింది. మళ్లీ రైలు సాయంత్రమే. ఆమెను ప్లాట్‌ఫారం మీద తల్లి దగ్గర పడుకోబెట్టి ఇటు వచ్చాడు.

"అన్నా, మోటరు ఉన్నది గద. యాకూబన్నను పంపు. నీ కాళ్లు మొక్కుత."

మోటరు ఉంది. ముందు రోజే రైల్లో దిగిన బండి, నీడన నిలబడి ఉంది. సేటు ఊళ్లో లేడు. యాకూబు వెనక పెరట్లో అన్నం తింటున్నాడు, పిలిస్తే ఎంగిలిచేత్తోనే వచ్చే మనిషి. రేకులు గంగారాం వీపు వెనకే, కొక్కేనికి, అతని తువాల కింద ఉన్నాయి. కాని అంతకు నెల ముందే సేటు తమ్ముడు ఈ రేకులు కట్టిన బండిలో పెళ్లివారిని ఊరేగించి, పోలీసు అమీను చేతికి చిక్కాడు. ఇంకోసారి జరిగితే రేకులు లాక్కుంటామని ఠాణాలో హెచ్చరించి పంపారు. సేటు తమ్ముణ్ణి ఏమీ అనలేక గంగారాంను పట్టుకున్నాడు. రేకులు పోతే నీ నౌకరీ పోయినట్టే అన్నాడు. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

ఇవ్వనని అనడానికి గంగారాంకు నోరు రాలేదు. నోరు రానివాడు ఊరికే ఉన్నా బాగుండేది.

"రేకులు లేవు రాజన్నా. ఇంకో బండితోని నిజామాబాదు పోయినయి. అవి లేకుంటే బండి కదలదు, అమీను పట్టుకుంటడు."

రాజన్న ఒకసారి కొక్కెం వైపు చూశాడు. ఒకసారి అతని ముఖంలోకి చూశాడు. "గట్లనా అన్నా," అని వెళ్లిపోయాడు.

గంగారాం కాసేపటికి ఉండబట్టలేక గొడుగు, చెంబెడు నీళ్లు తీసుకుని స్టేషనుకు వెళ్లాడు. సాలవ్వ మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒకసారి కళ్లు తెరిచి, పరాయి మగవాడని కొంగు సర్దుకోబోయింది. చెయ్యి లేవలేదు. రైలు రావడానికి గంట ముందే ప్రాణం పోయింది, కడుపులోని బిడ్డతో సహా. గంగన్న లేకుంటే నా పెండ్లాం ఎండల పోతుండె అని రాజన్న కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా గంగారాంకు భూమి చీలితే బాగుండుననిపించేది. రూలు రూలే కదా, నేను మాత్రం ఏం చెయ్యగలను అని మనసుకు సర్దిచెప్పుకునేవాడు. ఆరేళ్లు ఆ ఒక్క మాట ఆసరాగా బతికాడు. ఐదో ముక్క చదివి హన్మండ్లు ఆ ఆసరాను కూడా లాగేశాడు.

ఆ తర్వాత రాజన్న తల్లిని తీసుకుని ఎల్లారెడ్డి చేరాడు. అయినా ఏడాదికి రెండుసార్లు తోళ్ల బేరానికి కామారెడ్డి వచ్చి, దుకాణంలో కాసేపు కూర్చుని పోయేవాడు. సీతాఫలాల రోజుల్లో అయితే ఓ బుట్ట తెచ్చేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. బీడీ కాల్చుకుంటూ, గంగారాం ముఖంలోకి చూస్తూ కూర్చునేవాడు. గంగారాం తల వంచుకుని రేకులు తుడుస్తుండేవాడు. పోయిన దసరాకు వచ్చినప్పుడు అతని వేళ్లు చూసి, "తాడు కోస్తున్నది గదనే అన్నా. తోలుపట్టీలు కుట్టి ఇస్త ఉండు," అని రేకు బెజ్జాల మధ్య దూరం జానతో కొలుచుకుపోయాడు. ఆ రోజైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎల్లారెడ్డి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గడీ ముందు బండి ఆగగానే గంగారాం దిగి రేకులు విప్పసాగాడు. దొరగారి గుమాస్తా బయటికొచ్చాడు.

"రెండు దినాలు ఉండనియ్యరాదు? లింగంపేటల పెండ్లి ఉన్నది. దొర పోవాలె."

"నాతోని కాదు, బాంచెన్. ఖానూను ఒప్పది. మీ నంబరు వచ్చినంక పోవచ్చు."

గుమాస్తా కళ్లెర్రజేశాడు గాని, అమీనుతో తగువెందుకని లోపలికి పోయాడు. రూలు చెప్పేటప్పుడు గంగారాం గొంతు ఎప్పుడూ వణకదు. ఈవేళ తన గొంతు తనకే వినబడి అసహ్యం వేసింది. రేకులు తువాలలో చుట్టి చంకలో పెట్టుకుని, బస్సు వేళకు వస్తానని యాకూబుతో చెప్పి నడిచాడు.

రాజన్న గుడిసె ఊరి చివర, తోళ్లు నానబెట్టే లందల పక్కన. వాకిట్లో అతని తల్లి హన్మవ్వ చింతకాయలు ముందేసుకుని, రాయితో కొట్టి గింజలు తీస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి. తలెత్తి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"గంగన్నవా? రా బిడ్డా, కూసో."

"రాజన్న లేడా అవ్వా?"

హన్మవ్వ ఇంకో కాయ రాతి మీద పెట్టింది. "లేడు బిడ్డా. పోయి ఇయ్యాలకు పన్నెండు దినాలు. నాలుగు దినాలు జరమొచ్చింది, పాయె. కామారెడ్డికి కబురు ఎవలతోని పంపుదు?"

గంగారాం నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు. చంకలోని రేకులు జారి నేల మీద పడ్డాయి. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. చివరికి, వినాల్సినవాడు లేకపోయినా చెప్పకుండా ఈ వాకిలి దాటలేననిపించింది.

"అవ్వా, గా దినం రేకులు నా కాడనే ఉండె. నా తువాల కింద. నిజామాబాదు పోయినయని అబద్ధం చెప్పిన. సాలవ్వను నేనే చంపిన."

రాయి ఆగలేదు. "ఎరుకే," అంది హన్మవ్వ.

గంగారాంకు అర్థం కాలేదు.

"వానికి గా దినమే ఎరుకాయె. తువాల కింద తాడు ఏలాడుతుండెనట. చూసిండు. చూసి గూడ ఇంకోపారి అడగకుండ వచ్చిండు. నువ్వు కాదన్నంక అడగబుద్ధి కాలేదట. తాడు చూసి గూడ ఎందుకడగకపోతినే అవ్వా, నేనే దాన్ని చంపుకుంటినే అని, ఏడ్వని దినం లేదు వాడు."

"మరి నా మీద..."

"నీ మీద కోపం లేకుండె. పిల్లలు గలోడు, భయపడ్డడు అంటుండె. నువ్వు ఏనాడన్న చెప్తవేమో అని పోతుండె నీ కాడికి. తప్పు నాది రాజన్నా అని నువ్వు ఒక్కపారి అంటే, వాని పానం తేలికైతుండె. వచ్చినంక అడుగుదును, చెప్పిండా కొడుకా అని. చెప్పలేదే అవ్వా అంటుండె."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండునని గంగారాంకు అనిపించింది. సాలవ్వ చావు తన వల్ల అయిందని తెలుసు. బతికున్న రాజన్న నెత్తి మీద కూడా ఆరేళ్ల పాటు తన బరువే ఉందని ఇప్పుడే తెలిసింది. ఒక్క మాటతో దించగలిగిన బరువు. ఏడాదికి రెండుసార్లు దాన్ని దించుకుందామని ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. గంగారాం మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. హన్మవ్వ ఏడవనిచ్చింది. వీపు నిమరలేదు, ఊరుకోమనలేదు.

"నన్ను మాఫ్ చెయ్యి అవ్వా," అన్నాడు చాలాసేపటికి.

"వాడు చేసిండు. నా కోడలు చేసిందో లేదో నాకేమెరుక, బిడ్డా? గది నేను చెప్పేది కాదు."

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి గుడిసెలోకి వెళ్లింది. గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది. "నీకే అని కుడుతుండె. జరం పట్టిన దినం గూడ పట్టుకున్నడు. తీస్కపో."

బస్సులో రేకులు ఒళ్లో పెట్టుకుని గంగారాం కిటికీ పక్కన కూర్చున్నాడు. కండ్లేందన్నా గట్లున్నయి అని యాకూబు అడిగితే, దుమ్ము అన్నాడు. ఆ తర్వాత, తాడ్వాయి దగ్గర, దుమ్ము కాదని చెప్పి మొదటి నుంచీ అంతా చెప్పాడు. యాకూబు పాట మానేసి, ముఖం అటు తిప్పుకున్నాడు.

పొద్దు గుంకకముందే దుకాణం చేరారు. గంగారాం రేకులు తుడిచి, ముందు రేకుకు మూటలోని కొత్త పట్టీ తొడిగి చూశాడు. బెజ్జాల దగ్గర కొలత అచ్చంగా సరిపోయింది. వేలికి ఎక్కడా ఒరుసుకోలేదు. వెనక రేకుకు ఎప్పటి నారతాడే ఉంచాడు. మర్నాడు సేటు వచ్చి, ఊళ్లో ఇంకో తోలుపనివాడు లేడా, ఆ రెండో పట్టీ కూడా కుట్టించరాదా అన్నాడు. గంగారాం వద్దన్నాడు. కొక్కెం మీద, తను ఎప్పుడూ తువాల వేసే చోట, రెండో పట్టీ వేలాడుతోంది. సగందాకా కుట్టు పడింది, సూది అందులోనే ఉంది.