ఇద్దరు కూర్చునే పడవ

బెల్టును ఒక మెలిక తిప్పి బిగించాలి. చదునుగా బిగిస్తే బండి వేగం అందుకోగానే గాలికి అది ఊళ పెడుతుంది, దారి పొడుగునా చెవులు హోరెత్తిపోతాయి. యెషయా చివరి కయాక్ పడవ మీదుగా బెల్టు వేసి, మెలిక తిప్పి, బండి అంచుకు మోకాలు ఆనించి కొస లాగాడు. పడవలన్నీ ట్రాలీ బండి పైన, పాత సైకిలు ట్యూబులు చుట్టిన ఇనప చట్రం మీద బోర్లా పడుకుని ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్నది పసుపుపచ్చది, ఇద్దరు కూర్చునేది. దాని అడుగును అరచేత్తో ఓసారి తట్టాడు. ఈరోజు దానితో పని ఉంది.

ఆ బండీ, ఆ పడవలూ, సైనిక్‌పురిలోని ఆ ఇల్లూ నరసరాజువి. భీమవరం వైపు నుంచి వచ్చి, స్థలాల బేరాల్లో బాగానే వెనకేసుకుని, ఓసారి గోవా వెళ్లి అక్కడ ఈ పడవలు చూసి మనసు పారేసుకున్నాడు. సెలవు రోజుల్లో వాటిని షామీర్‌పేట చెరువుకు పంపి అద్దెకిస్తాడు. వచ్చేవాళ్లు తెడ్డుకు ముందేదో వెనకేదో తెలియని మహానుభావులు. వాళ్లకు ఏ పడవ నప్పుతుందో చూసి ఇవ్వడం, నీళ్లలోకి తోయడం, సాయంత్రం బురద కడిగి మళ్లీ బండికెక్కించడం యెషయా పని.

అంతకు ముందు అతను సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిళ్లు మోసేవాడు. వయసంతా అక్కడే కరిగిపోయింది. నడుం పట్టేసిన ఏడాది కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడు. స్టేషన్ అతనికి ఇచ్చిందల్లా రెండే: ఆ నడుం నొప్పి, బరువు తెలిసిన కన్ను. అద్దెకొచ్చిన వాళ్లను బరువడిగితే ఆడవాళ్లు చెప్పరు, మగవాళ్లు తగ్గించి చెబుతారు. అందుకని యెషయా ఎవరినీ అడగడు. "జెర బండెక్కి లైఫ్ జాకెట్ తీస్కోండి సార్" అంటాడు. వాళ్లు ట్రాలీ వెనక కాలు పెట్టి ఎక్కుతుంటే బండి ఎంత కుంగిందో చూస్తాడు. వెడల్పు పడవ ఇవ్వాలో సన్న పడవ ఇవ్వాలో అక్కడే తేలిపోతుంది. ఈ ఉపాయాన్ని నరసరాజు తన స్నేహితుల దగ్గర సొంత బుర్రలో పుట్టినట్టు చెప్పుకుంటాడు. యెషయా పక్కనే నిలబడి నవ్వుతాడు.

"ఏవండీ, రాజుగారు నిజంగా ఒప్పుకున్నారా?" అంది అతని భార్య సలోమి. ప్రహరీ పక్కన చెప్పులు విప్పి, వాటి మీదే కూర్చుంది. చర్చిలో నెలకోసారి ప్రభు సంస్కారం తీసుకునే ఆదివారం మాత్రమే కట్టుకునే తెల్లచీర కట్టుకొచ్చింది.

"ఒప్పుకున్నడు. శనివారం అంత గిరాకీ ఉండదు, పెద్ద పడవ ఖాళీగనే ఉంటది."

నరసరాజు నిజానికి అన్నది "చూద్దాం లేవయ్యా" అని. వేసవి నుంచీ అదే మాట అంటున్నాడు. ఈసారి అంటూ భుజం తట్టాడు కనక యెషయా దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టేశాడు. పైవాడు భుజం తడితే పని అయినట్టే అనుకునే వెర్రి అతనిది. స్టేషన్‌లో కాంట్రాక్టరు కూడా భుజం తట్టే రావద్దన్నాడన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

సలోమి గోదావరి లంకలో పుట్టింది. తండ్రి పడవ నడిపేవాడు. పెళ్లయి రెజిమెంటల్ బజార్‌లో ఒంటి గదిలోకి వచ్చాక ఆమె చూసిన నీళ్లు కుళాయి నీళ్లే. ఒంట్లో జబ్బు ముదిరి, ఇక మందులు దండగని ఆసుపత్రిలో తేల్చాక, భర్తను ఆమె అడిగిన కోరిక ఒక్కటే: ఒకసారి పడవెక్కాలి. చీర అడగలేదు, పుట్టింటికి తీసుకెళ్లమనలేదు. ఆ ఒక్కటీ తీర్చకపోతే తను మొగుడే కాదని యెషయా అనుకున్నాడు.

"జాకెట్ నువ్వే చూస్కో" అని ఆమెను బండి వెనక నుంచి ఎక్కించాడు. పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే భుజాల మీంచి జారిపోయింది. చివరికి నారింజరంగు చిన్నపిల్లల జాకెట్ సరిపోయింది. ఉన్నది అదొక్కటే. బకిళ్లు పెట్టుకుని ఆమె పకపకా నవ్వింది. యెషయా కూడా నవ్వాడు గానీ, అతని చూపు అలవాటు కొద్దీ బండి మీదికి పోయింది. ఆమె ఎక్కినప్పుడు బండి కదల్లేదు. అసలే పడవల బరువుకు అణిగి ఉంది, ఇంకేం కుంగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. పార్సిల్ ఆఫీసులో ఇంకెవరైనా ఇలాంటి మాట అంటే యెషయా వాణ్ణి వారం రోజులు ఏడిపించేవాడు.

చెరువు దగ్గర అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం సంగతి తేల్చమని నిన్న బంద్ చేశారు. నిన్న సెలవుకు రావలసిన వాళ్లందరినీ నరసరాజు ఫోన్ చేసి ఈరోజుకు మార్చాడు. ఆ ముక్క యెషయాకు చెప్పాలని అతనికి తోచలేదు. ఎందుకు తోస్తుంది?

"సాయంత్రం పోదాం" అన్నాడు యెషయా. సలోమి సరేనని కట్ట మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుంది. జాకెట్ విప్పలేదు. విప్పితే ఇంకెవరికో ఇచ్చేస్తారని ఆమె భయం.

భయపడినట్టే అయింది. రామభద్రరావు అనే ఒక ఆఫీసరు పెళ్లాంతో, పాపతో కారు దిగాడు. ఆయన జాకెట్ కోసం ఎక్కగానే బండి ఒక మూలకు ఒరిగింది. యెషయా వెడల్పు పడవ లాక్కొచ్చాడు.

"ఏమయ్యా, నీ కళ్లకు నేను దున్నపోతులా కనిపిస్తున్నానా? ఆ ఎర్రది తే."

"అది సన్నగుంటది సార్. తిరగబడ్తది."

"సార్ ఏది అడిగితే అది ఇవ్వరా, నీకెందుకు?" అని అప్పటికే కారులో వచ్చి ఉన్న నరసరాజు కసిరాడు.

ఇచ్చాడు. రామభద్రరావు రెండుసార్లు తెడ్డు వేసి మోకాలి లోతు బురదలో వెల్లకిలా పడ్డాడు. ఒడ్డున ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆయన లేస్తూనే, పట్టుకోవలసిన వాడు పట్టుకోలేదని యెషయాను నానా మాటలూ అన్నాడు. నరసరాజు కూడా ఆయన పక్షమే మాట్లాడి, చల్లబరచడానికి పెద్ద మనసు చేసుకున్నాడు. పసుపు పడవ సాయంత్రం దాకా మీదే, పాపను మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురూ తిరగండి, అద్దె వద్దన్నాడు.

"సార్, ఆ పడవ..." అన్నాడు యెషయా.

"చూద్దాం లేవయ్యా. ముందు పాపకు జాకెట్ ఇవ్వు." నరసరాజు చుట్టూ చూసి సలోమి వైపు చెయ్యి చూపించాడు. "అదిగో. ఒడ్డున కూర్చునే మనిషికి జాకెట్ ఎందుకయ్యా? కట్ట మీద మునిగిపోతుందా?"

మళ్లీ గొల్లున నవ్వారు. బురదలో పడ్డాయన కూడా ఈసారి మనసారా నవ్వాడు. యెషయా వెళ్లి భార్య ముందు గొంతుక్కూర్చుని బకిళ్లు తీశాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"పసిపిల్లకే కదండీ, ఇవ్వండి" అంది సలోమి. "నేను ఎక్కడికి పోతాను? మా నాన్న పడవలో అయితే ఇలాంటివి లేవు. మధ్యలోకి వెళ్లాక అంచు మీంచి చెయ్యి నీళ్లలో పెట్టేదాన్ని. ఈ పడవలో అందుతుందా?"

"అందుతది. ఇది ఇంక కిందికే ఉంటది."

ఆ తర్వాత అతనికి ఊపిరాడని పని. ఒకరిని తోయడం, ఇంకొకరిని లాగడం, మధ్యలో తెడ్డు జారవిడుచుకున్న వాడి కోసం నడుంలోతు నీళ్లలోకి దిగడం. ఓసారి టీ పట్టుకెళితే ఆమె రెండు గుక్కలు తాగి చాలంది. పసుపు పడవ చెరువు నడిమధ్యలో తిరుగుతోంది. ఆమె కళ్లు దానితోపాటే తిరుగుతున్నాయి. ఇంకోసారి చూసినప్పుడు చెట్టుకు ఆనుకుని ఉంది. నిద్రపోతోందిలే, సాయంత్రానికి ఓపిక ఉంటుంది అనుకుని సంతోషించాడు.

పొద్దు వాలాక రామభద్రరావు కుటుంబం ఒడ్డుకు చేరింది. పాప జాకెట్ విప్పి బురదలో పడేసి కారు దగ్గరికి పరిగెత్తింది. యెషయా పడవలో నీళ్లు తోడి, ముందు సీటును తన తువ్వాలుతో పొడిగా తుడిచి, జాకెట్ కడిగి చేత్తో పట్టుకున్నాడు.

"సార్, ఒక్క చుట్టు."

నరసరాజు ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. విసుగ్గా చూశాడు. రోజంతా గిరాకీ బాగుంది కాబట్టి దయ పుట్టింది. "సరే, ఏడువు. తొందరగా కానివ్వు."

జీవితంలో మొదటిసారి పైవాడు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టు యెషయా కట్ట మీదికి దాదాపు పరిగెత్తాడు. "లే సలోమీ, పడవ ఖాళీ అయింది." ఆమె కళ్లు సగం తెరిచి నీళ్ల వైపే ఉన్నాయి. మగతలో ఉందనుకుని తడి జాకెట్ తనే తొడిగాడు. మొదటి బకిలు పెట్టాడు. రెండోది పెడుతూ ఆమె చెయ్యి పక్కకు తప్పించబోతే ఆ చెయ్యి మాట వినలేదు. అప్పటికే బిగుసుకుంది. ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. రొమ్ము మీద తెల్లచీర తడిసి మచ్చ కట్టింది. ఆ చెరువు నీళ్లు ఆమెకు తగిలిందల్లా అంతే.

యెషయా అక్కడే చతికిలబడి ఆమె వేళ్లు పట్టుకుని కూర్చున్నాడు. నరసరాజు వచ్చి చూసి, "అయ్యో, అయ్యో" అని నాలుగడుగులు వెనక్కి వేశాడు. చేతిలో ఉన్న కారు తాళాలు మెల్లిగా జేబులోకి పోయాయి. కాసేపటికి నెమ్మదిగా దగ్గాడు.

"బండిలోనే తీసుకెళ్లు యెషయా. ఏమీ అనుకోకు. పడవలు కూడా ఎక్కించేసుకో, ఇక్కడ వదిలితే పొద్దుటికి ఉండవు. ఆ జాకెట్ తీసి నాకివ్వు, రేపు స్కూలు పిల్లలు వస్తున్నారు."

యెషయా రెండోసారి బకిళ్లు తీశాడు. తడిది ఇవ్వకూడదు కదా అని తుమ్మకొమ్మకు తగిలించి, గాలికి ఎగిరిపోకుండా మళ్లీ బకిళ్లు పెట్టాడు. తర్వాత పడవలన్నీ ఒక్కడే ఎక్కించాడు. ప్రతి బెల్టుకూ మెలిక తిప్పాడు. ఆఖరున సలోమిని రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి, పడవల కింద, తువ్వాలు పరిచి పడుకోబెట్టాడు. అలవాటు చావలేదు, వెనక చక్రం వైపు చూశాడు. బండి కుంగలేదు. ఈసారి తనకు తాను ఏమీ సర్దిచెప్పుకోలేదు. ఆమెకు ఘడియలే మిగిలాయని పొద్దున్నే బండి చెప్పిందని, తెలిసీ ఆమెను ఇంటికి తీసుకుపోకుండా ఎవరెవరివో పడవలు తోస్తూ ఉన్నానని ఏడుస్తూ బండి తీశాడు.

నరసరాజు కూడా జాకెట్ మాట మరిచి ఆ వెనకే కారులో వెళ్లిపోయాడు. చీకట్లో కట్ట మీద, తుమ్మకొమ్మకు, చిన్నపిల్లల జాకెట్ రెండు బకిళ్లూ పెట్టి వేలాడుతోంది, అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.